వలసలు మంచివే అంటారు, వలసల మీద విరుచుకుపడేవాళ్ళకే ఓటేస్తారు: అమెరికన్ ఓటరు లెక్కేమిటి?

మీరు అడిగింది ఇదీ: "అమెరికాలో నూటికి దాదాపు ఎనభై మంది వలసలు దేశానికి మంచివే అంటున్నారని సర్వేలు చెబుతున్నాయి. మరి అదే జనం 2024లో ట్రంప్‌ను ఎలా గెలిపించారు? సర్వే అబద్ధమా, జనం అబద్ధమా? మా అబ్బాయిని ఎమ్మెస్‌కు పంపాలా వద్దా?"

చివరి దానికి నేను జవాబు చెప్పను, అది మీ ఇంటి నిర్ణయం. మొదటి రెండింటికీ చెప్పగలను. సర్వేల లెక్కలతో ఉద్యోగరీత్యా చాలాకాలం పనిచేశాను. డాలస్ పక్కన కాలిన్ కౌంటీలో ఎన్నికలప్పుడు వాలంటీరుగా ఇల్లిల్లూ తిరిగాను కూడా.

సర్వే నిజమే, జనం చెప్పిందీ నిజమే. కానీ వలసల గురించి జనం ఏమనుకుంటున్నారన్నది ఒక లెక్క, ఆ ఒక్క విషయం మీదే ఓటేసేవాళ్ళు ఎవరన్నది వేరే లెక్క. ఇక్కడి రాజకీయ నాయకులు నిద్ర చెడగొట్టుకునేది రెండో లెక్క గురించే. 2024లో "నాకు వలసలే అన్నిటికంటే ముఖ్యం" అన్న ఓటర్లలో పదింట దాదాపు తొమ్మిది మంది ట్రంప్‌కు వేశారు. వలసలు మంచివే అనుకునేవాళ్ళకు ధరలు ముఖ్యం, అబార్షన్ హక్కు ముఖ్యం, ఇంకేదో ముఖ్యం. వలసలు మంచివన్న నమ్మకం కోసమే పోలింగ్ కేంద్రానికి వెళ్ళినవాళ్ళు చాలా తక్కువ.

ముందు ఆ ఎనభై సంగతి చూద్దాం. గాలప్ సంస్థ 1965 నుంచి ఒకటే ప్రశ్న అడుగుతూ వస్తోంది: వలసలు ఇప్పుడున్నంతే ఉంచాలా, పెంచాలా, తగ్గించాలా? 1995లో 65 శాతం తగ్గించాలన్నారు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత 58 శాతం. అక్కణ్ణుంచి మెల్లగా దిగుతూ వచ్చి 2020లో మొట్టమొదటిసారి 'పెంచాలి' అన్నవాళ్ళు (34) 'తగ్గించాలి' అన్నవాళ్ళను (28) దాటారు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 2024లో, తగ్గించాలన్నవాళ్ళు 55 శాతం. ఆ మరుసటి ఏడు 30 శాతం. మీరు చూసిన 'దాదాపు ఎనభై' ఈ 2025 సర్వేలోనే ఇంకో ప్రశ్నకు వచ్చిన జవాబు. వలసలు దేశానికి మంచివి అన్నవాళ్ళు 79 శాతం, గాలప్ అడగడం మొదలుపెట్టాక అప్పటికి అదే గరిష్ఠం.

ఈ అంకెల పక్కన ఆ ఏడు గద్దె మీద ఎవరున్నారో రాసుకోండి. 2020లో ట్రంప్, జనం వలసల వైపు మొగ్గారు. 2024లో బైడెన్, జనం ఎదురు తిరిగారు. 2025లో మళ్ళీ ట్రంప్, మళ్ళీ మొగ్గు మారింది. ప్రభుత్వం ఒక వైపు ఎక్కువగా లాగితే జనం రెండో వైపు లాగుతారని, ప్రజాభిప్రాయం థర్మోస్టాట్‌లా పనిచేస్తుందని క్రిస్టఫర్ వ్లెజియన్ అనే రాజనీతి శాస్త్రవేత్త 1995లోనే సిద్ధాంతీకరించాడు. వలసల విషయంలో అది అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది. ఇందులో నాకు బాగా ఆసక్తి కలిగించే అంకె రిపబ్లికన్లది. వాళ్ళలో తగ్గించాలన్నవాళ్ళు 2024లో 88 శాతం, ఏడాది తిరగ్గానే 48. వాళ్ళేమీ రాత్రికి రాత్రి ఉదారవాదులైపోలేదు. తమవాడు గెలిచాడు, సరిహద్దు దాటేవాళ్ళు దశాబ్దాల కనిష్ఠానికి పడిపోయారు, పనైపోయింది కదా అనుకున్నారంతే. కాబట్టి 79 శాతం చూసి ఎగిరి గంతెయ్యనక్కర్లేదు, 55 శాతం చూసి బెంబేలెత్తనూ అక్కర్లేదు.

ఇంకో చిక్కుంది. 2024 గాలప్ సర్వేలో, అనుమతి పత్రాలు లేకుండా దేశంలో ఉన్నవాళ్ళందర్నీ వెనక్కి పంపెయ్యాలని 47 శాతం అన్నారు. అదే సర్వేలో, కొన్ని షరతులు పెట్టి వాళ్ళకి పౌరసత్వానికి దారి చూపాలని 70 శాతం అన్నారు. కలిపితే 117. అంటే తక్కువలో తక్కువ నూటికి 17 మంది రెండింటికీ సరే అన్నారన్నమాట. వాళ్ళను పిచ్చివాళ్ళనుకోకండి, అమెరికన్ ఓటరు గుట్టు అక్కడే ఉంది. 'అందర్నీ పంపెయ్యాలి' అన్నప్పుడు టీవీలో చూసిన గుంపు కళ్ళ ముందుంటుంది. 'పౌరసత్వం ఇవ్వాలి' అన్నప్పుడు తమ ఇంటి కప్పు వేసిన మేస్త్రీయో, పిల్లల్ని చూసుకునే ఆవిడో గుర్తొస్తుంది.

హైన్‌ముల్లర్, హాప్‌కిన్స్ అని ఇద్దరు పరిశోధకులు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఊహాజనిత వలసదారులను ఇద్దరిద్దరిగా చూపించి ఎవర్ని రానిస్తారని అమెరికన్లను అడిగారు. చదువుకున్నవాళ్ళు, మంచి వృత్తిలో ఉన్నవాళ్ళు, ఇంగ్లీషు వచ్చినవాళ్ళు కావాలన్నారు. గతంలో అనుమతి లేకుండా దేశంలోకి వచ్చినవాళ్ళు వద్దన్నారు. డెమోక్రాట్లూ రిపబ్లికన్లూ దాదాపు ఒకే మాట చెప్పారు, పేదా ధనికా తేడా కూడా పెద్దగా లేదు. నా ఉద్యోగం పోతుందేమోనన్న భయం కంటే, దేశం నా అదుపులో ఉందా లేదా అన్న బెంగే ఎక్కువ పనిచేస్తుందని ఈ రంగంలో వచ్చిన చాలా పరిశోధనలు చెబుతున్నాయి.

ఆ బెంగ 2022, 2023ల్లో పెరిగిపోయింది. 2023 డిసెంబరు ఒక్క నెలలోనే దక్షిణ సరిహద్దులో బోర్డర్ పెట్రోల్‌కు (సరిహద్దు కాపలా దళం) చిక్కిన సంఘటనలు సుమారు రెండున్నర లక్షలు, అదొక రికార్డు. అయినా ఎక్కడో ఉత్తరాన ఉన్న మిషిగన్, పెన్సిల్వేనియా ఓటర్లకు, మెక్సికో సరిహద్దున పారే రియో గ్రాండె నది ఎక్కడుంటుంది? టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ ఆ నదిని వాళ్ళ ఊళ్ళకే పంపించాడు. 2022 ఏప్రిల్ నుంచి వలస వచ్చినవాళ్ళను బస్సులెక్కించి వాషింగ్టన్‌కు, తర్వాత న్యూయార్క్, షికాగో, డెన్వర్‌లకు తోలడం మొదలుపెట్టాడు. మొత్తం లక్ష మంది పైనే. న్యూయార్క్‌లో హోటళ్ళు శరణార్థి శిబిరాలయ్యాయి. ఈ సమస్య న్యూయార్క్‌ను నాశనం చేస్తుందని డెమోక్రాట్ మేయర్ ఎరిక్ ఆడమ్స్ స్వయంగా 2023 సెప్టెంబరులో అన్నాడు. ఆబట్ చేసింది మనుషుల్ని పావులుగా వాడుకున్న క్రూరమైన ఎత్తు అని నా అభిప్రాయం. కానీ ఈ కాలంలో అమెరికన్ రాజకీయాల్లో అంతగా పారిన ఎత్తు మరొకటి లేదు. 2024 ఫిబ్రవరికల్లా దేశంలో అతి పెద్ద సమస్య ఏదంటే 28 శాతం మంది వలసలనే చెప్పారు, మిగతా అన్ని సమస్యల కంటే పైన.

సరే, జనం బెంగపడ్డారు. మరి చట్టం చేసి సరిదిద్దొచ్చుగా? ఇక్కడే అసలు విషయం ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

మన దగ్గర పార్టీ టికెట్టు అధిష్ఠానం ఇస్తుంది, బీ-ఫారం ఎవరి చేతికొస్తే వాళ్ళే అభ్యర్థి. అమెరికాలో అధిష్ఠానం చేతిలో బీ-ఫారం లేదు. ప్రైమరీ అనే ఎన్నికలో ఓటర్లే అభ్యర్థిని తేలుస్తారు. చాలా నియోజకవర్గాలు ఏదో ఒక పార్టీకి కంచుకోటలు కాబట్టి ప్రైమరీ గెలిస్తే సీటు గెలిచినట్టే. ప్రైమరీకి వచ్చే ఓటర్లు తక్కువ, వచ్చేవాళ్ళలో పట్టుదల ఎక్కువ.

2013 జూన్ 27న సెనేట్ ఒక సమగ్ర వలస చట్టాన్ని 68-32 ఓట్లతో ఆమోదించింది. 14 మంది రిపబ్లికన్లు కూడా అవునన్నారు. అందులో సరిహద్దు కాపలాదార్లను రెట్టింపు చెయ్యడం ఉంది, పత్రాల్లేనివాళ్ళకు పౌరసత్వ మార్గం ఉంది, ఉద్యోగ గ్రీన్‌కార్డులకు దేశాలవారీ పరిమితి (ఏ ఒక్క దేశంవాళ్ళకూ ఏటా ఇన్నిటికి మించి ఇవ్వకూడదన్న నియమం) ఎత్తెయ్యడం కూడా ఉంది. అది చట్టమై ఉంటే మనవాళ్ళు బహుశా ఇవాళ్టికీ గ్రీన్‌కార్డు వరసలో నిలబడి ఉండేవాళ్ళు కాదు. దిగువ సభలో స్పీకర్ బేనర్ దాన్ని ఓటింగుకే పెట్టలేదు. మరుసటి ఏడు జూన్ 10న వర్జీనియాలో రిచ్‌మండ్ చుట్టుపక్కల నియోజకవర్గంలో రిపబ్లికన్ ప్రైమరీ జరిగింది. పోటీలో ఉన్నది ఎరిక్ కాంటర్, సభలో మెజారిటీ లీడర్, కాబోయే స్పీకర్ అని అందరూ అనుకుంటున్న మనిషి. ఎదురుగా డేవ్ బ్రాట్ అనే ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు, చేతిలో డబ్బు లేదు, పేరు ఎవరికీ తెలీదు. కాంటర్ వలసదారులకు క్షమాభిక్ష పెట్టబోతున్నాడన్నదే బ్రాట్ ప్రచారంలో పెద్ద ఆయుధం. నిజానికి కాంటర్ ఆ సెనేట్ బిల్లుకు మద్దతే ఇవ్వలేదు. పోలైన ఓట్లు సుమారు 65 వేలు. బ్రాట్‌కు 36 వేలు వచ్చాయి, కాంటర్ ఓడిపోయాడు. 1899లో ఆ పదవి పుట్టాక మెజారిటీ లీడర్ ప్రైమరీలో ఓడటం అదే మొదలు.

ఏడు లక్షల పైచిలుకు జనం ఉన్న నియోజకవర్గంలో 36 వేల మంది వేసిన ఓటు అది. దాంతో వలస సంస్కరణ అనే మాట ఎత్తడానికి కూడా ఆ సభలో రిపబ్లికన్లు జంకారు. అప్పుడు దేశవ్యాప్త సర్వేల్లో పౌరసత్వ మార్గానికి మెజారిటీ మద్దతుంది. ఆ మెజారిటీ కాంటర్‌ను కాపాడటానికి రాలేదు.

2024 ఫిబ్రవరి కథ ఇంకా వింత. ఈసారి బిల్లు సరిహద్దు బిగించేది, పత్రాల్లేనివాళ్ళకు పౌరసత్వ మార్గం ఊసే లేదు. ఓక్లహోమా రిపబ్లికన్ సెనేటర్ లాంక్‌ఫర్డ్ డెమోక్రాట్లతో కూర్చుని రాశాడు. బోర్డర్ పెట్రోల్ యూనియన్ సైతం మద్దతిచ్చింది. ట్రంప్ వద్దన్నాడు. 49-50తో పడిపోయింది. సమస్య తీరిపోతే నవంబరు ఎన్నికల్లో మాట్లాడటానికి ఏముంటుంది? ఇది నా ఊహే అనుకోండి, కానీ రెండు పార్టీల్లోనూ ఇలా ఊహించనివాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు.

ప్రైమరీ ఓటరు ప్రభావం కింది స్థాయిలో ఎలా ఉంటుందో కళ్ళారా చూశాను. ఇల్లిల్లూ తిరిగే వాలంటీరుకు ఫోన్లో ఒక యాప్ ఇస్తారు. అందులో ఇంటి నంబరు, ఓటరు పేరు, వయసు, గతంలో ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశాడన్నదీ ఉంటుంది. టెక్సస్‌లో ఎవరికి వేశావన్నది రహస్యం, ఏ ప్రైమరీకి వెళ్ళావన్నది మాత్రం రికార్డే. ప్రైమరీ ప్రచారమైతే ఆ జాబితా వడగట్టి ఇస్తారు, ప్రైమరీల్లో ఓటేసే అలవాటున్న ఇళ్ళు మాత్రమే మిగులుతాయి. ఫ్రిస్కోలో ఒక వీధిలో గుమ్మాలకు మామిడాకుల తోరణాలు, అరుగు మీద ముగ్గు, గరాజ్ ముందు పిల్లల సైకిళ్ళు, చూడగానే మనవాళ్ళ ఇళ్ళని తెలిసిపోతుంది. యాప్‌లో ఆ ఇళ్ళు లేవు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు, గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవాళ్ళు, ఓటు లేదు కాబట్టి పేరూ లేదు. వాళ్ళ తలుపు దాటుకుని పక్కింటి పెద్దాయన తలుపు తట్టాలి. ఆయన ప్రతి ప్రైమరీకీ వెళ్తాడు, ఆయన ఏమంటే అది నోట్ చేసుకోవాలి. వలస చట్టం మారితే ఎవరి బతుకు తలకిందులవుతుందో ఆ ఇంటి ముందు ఏ అభ్యర్థీ ఆగడు.

వ్యతిరేకతే ఎప్పుడూ గెలుస్తుందనుకోవద్దు. 1994లో కాలిఫోర్నియాలో ప్రొపొజిషన్ 187 అనే ప్రతిపాదనను నేరుగా ప్రజల ఓటుకు పెట్టారు, పత్రాల్లేనివాళ్ళకు బడి, ఆసుపత్రి లాంటి సేవలు ఆపాలని. దాదాపు 59 శాతంతో నెగ్గింది. వెనకబడి ఉన్న గవర్నర్ పీట్ విల్సన్ దాన్ని నెత్తికెత్తుకుని సునాయాసంగా మళ్ళీ గెలిచాడు. చట్టాన్ని కోర్టు ఆపేసింది. కానీ ఆ దెబ్బతో లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళు, హిస్పానిక్‌లనీ అంటారు) పెద్ద ఎత్తున పౌరసత్వాలు తీసుకుని ఓటర్లయ్యారు. 2006 తర్వాత అక్కడ రాష్ట్రస్థాయి పదవికి జరిగిన ఎన్నిక ఒక్కటి కూడా రిపబ్లికన్లు గెలవలేదు. దానికి 187 ఎంత కారణమన్న దాని మీద పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు, అదంతా దీనివల్లే అంటే నేనూ ఒప్పుకోను.

దీన్నుంచి డెమోక్రాట్లు తప్పు పాఠం నేర్చుకున్నారు: వలస వచ్చినవాళ్ళ పిల్లలంతా ఎప్పటికీ మావాళ్ళేనని. టెక్సస్ దక్షిణ కొసన, నది ఒడ్డునే ఉన్న స్టార్ కౌంటీలో నూటికి 97 మంది హిస్పానిక్‌లు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు అక్కడ 79 శాతం ఓట్లొచ్చాయి. 2024లో అదే కౌంటీ ట్రంప్‌కు దాదాపు 58 శాతం ఇచ్చింది. అక్కడ రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి గెలవడం 1892 తర్వాత అదే. బోర్డర్ పెట్రోల్ సిబ్బందిలో దాదాపు సగం హిస్పానిక్‌లే, అలాంటి ఊళ్ళలో అది ప్రభుత్వోద్యోగం. వాళ్ళకు గుంపు టీవీలో కనిపించదు, పెరట్లో కనిపిస్తుంది.

మనవాళ్ళు దీనికి అతీతులేమీ కాదు. "మేం పదిహేనేళ్ళు లైన్లో నిలబడ్డాం, వాళ్ళు దొడ్డిదారిన వచ్చారు" అన్న మాట తెలుగు ఇళ్ళలో విన్నన్నిసార్లు నేను ఇంకే ఇళ్ళలోనూ వినలేదు. కార్నెగీ అనే పరిశోధన సంస్థ సర్వేల ప్రకారం భారతీయ అమెరికన్ ఓటర్లలో ట్రంప్ వైపు ఉన్నవాళ్ళు 2020లో 22 శాతం, 2024లో 30 దాటారు. ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే. కాకపోతే గొడవ ముదిరినప్పుడు ఎవరు లైన్లో వచ్చారో ఎవరూ అడగరు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథాలో ఒక బార్‌లో ఇద్దరు తెలుగు ఇంజనీర్లను "నా దేశం వదిలిపో" అంటూ కాల్చినవాడు వాళ్ళను ఇరానీయులనుకున్నాడు. ఒకరు చనిపోయారు. అమెరికాలో ఆ కుటుంబం వీసా ఆధారమంతా చనిపోయినాయన ఉద్యోగమే. అక్కడి రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుని, చనిపోయినాయన భార్య అమెరికాకు తిరిగి రావడానికి సాయం చేశాడు. దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లును తలకెత్తుకున్నాడు, 2018 జులైలో కమిటీలో దాన్ని సవరణగా నెగ్గించాడు కూడా. ఆ నవంబరులోనే ఎన్నిక ఓడిపోయాడు. ఓడింది మన బిల్లు వల్ల కాదు, శివారు ఓటర్లకు ట్రంప్ మీద విసుగు పుట్టడం వల్ల. కానీ మన బిల్లు ఆయన్ను కాపాడనూ లేదు, ఎందుకంటే దాని లబ్ధిదారులకు ఓటే లేదు. సవరణ తుది చట్టంలోకి రాలేదు.

2019లో అలాంటి బిల్లే దిగువ సభలో 365-65తో నెగ్గింది. ఈ రోజుల్లో అంత మెజారిటీ రావడం అపురూపం. సెనేట్ దాన్ని మార్చి 2020 డిసెంబరులో ఆమోదించింది, రెండు సభల బిల్లులూ ఒకటి కాకముందే సభ గడువు తీరిపోయింది.

ఇంకో మాట, ఇది చాలామందికి తెలీదు. మనలాంటి వాళ్ళకు అమెరికా తలుపు తీసింది 1965 చట్టం. అంతకుముందు 1946 నుంచి భారతీయులకు ఉన్న కోటా ఏడాదికి 100. ఆ 1965లోనే గాలప్ మొదటిసారి అడిగితే వలసలు పెంచాలన్నవాళ్ళు ఎంతమందో తెలుసా? 7 శాతం. తగ్గించాలన్నవాళ్ళు 33. జనం అడక్కుండానే తలుపు తెరుచుకుంది, పౌరహక్కుల ఉద్యమ కాలంలో జాతి కోటాలు సిగ్గుచేటుగా కనిపించాయి కాబట్టి. ఈ చట్టంతో దేశంలో జాతుల పొందిక మారదని దాన్ని నడిపించిన నాయకులే హామీ ఇచ్చారు. అలాగే హెచ్-1బి పరిమితి 2001 నుంచి మూడేళ్ళు 1,95,000 ఉండి 2004లో 65,000కు పడిపోయినప్పుడు దాని మీద ఎన్నికేమీ జరగలేదు. తాత్కాలిక పెంపు గడువు ముగిసిందంతే.

మీ అబ్బాయి విషయానికి దగ్గరగా వచ్చేది ఇదే. చదువుకున్న వలసదారు పట్ల సగటు అమెరికన్‌కు ఇప్పటికీ సదభిప్రాయమే ఉంది. కానీ ఆ వీసాను మార్చేది సగటు అమెరికన్ కాదు. 2024 డిసెంబరులో భారత మూలాలున్న శ్రీరామ్ కృష్ణన్‌ను వైట్‌హౌస్ సలహాదారుగా పేర్కొన్నప్పుడు ట్రంప్ శిబిరంలోనే హెచ్-1బి మీద బాహాటంగా కొట్లాట జరిగింది, వ్యాపారవేత్తలు మస్క్, రామస్వామి ఒక పక్క, వలసలే వద్దనే వర్గం ఇంకో పక్క. ఆ వారం ట్రంప్ హెచ్-1బిని మెచ్చుకున్నాడు. 2025 సెప్టెంబరు 19న కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన మీద సంతకం పెట్టాడు. ఆ మధ్యలో ప్రజాభిప్రాయం వలసలకు అనుకూలంగా జరిగిందే తప్ప వ్యతిరేకంగా కాదు. దేశంలో ఉండి ఎఫ్-1 (విద్యార్థి వీసా) నుంచి హెచ్-1బికి మారే విద్యార్థులకు ఆ రుసుము వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు, అది కూడా ఓటుతో వచ్చింది కాదు.

అందుకని వార్తల్లో 'ఇంత శాతం వలసలకు అనుకూలం' అని చూసినప్పుడు నేను చేసేది చెబుతాను. వెంటనే అదే సర్వేలో 'అతి పెద్ద సమస్య ఏది' అన్న ప్రశ్న వెతుకుతాను. వలసల పేరు అక్కడ కింద ఉంటే ఆ ఏడు పెద్దగా ఏమీ కదలదు, మంచికైనా చెడ్డకైనా. పైన ఉంటే మాత్రం, అడిగిన ప్రశ్నకు ఎంతమంది అవునన్నారన్నది పక్కన పెట్టి, ఆ వసంతంలో ఏ రాష్ట్రంలో ఏ ప్రైమరీలో ఎవరు గెలుస్తున్నారో చూడటం మొదలుపెడతాను.